మూడో బేస్ నుంచి తొంభై అడుగులు

నడవాలి, పరిగెత్తకూడదు, తల వంచుకోకూడదు, జనం వైపు చూడకూడదు, ఇవన్నీ మా పెద్ద అంపైరు ఎవెనోర్ గారు మొదటి రోజే చెప్పారు, అలాగే నడుస్తున్నాను, మూడో బేస్ దగ్గర్నుంచి బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ దాకా తొంభై అడుగులు, ప్రతి ఆదివారం నడిచేవే, ఇవాళ మాత్రం సున్నపు గీతని ఎవరో పట్టుకుని సాగదీసినట్టుంది. ఆయన హోమ్ దగ్గర ముఖానికున్న ఇనుప జాలీ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డారు. నన్నూ, మొదటి బేస్ దగ్గరున్న పొర్ఫిరియో అన్ననీ చేత్తో పిలిచారు. ఇక ఈ బేస్‌బాల్ ఆటకి ఉన్న ముగ్గురు అంపైర్లం ఒకచోట చేరి, ఇప్పుడీ మైదానంలో ఏం జరిగిందో తేల్చి చెప్పాలి. ఏం జరిగిందో నాకు తెలుసు. నాకు తెలుసు, ఆ ఎర్ర చొక్కా మూడో బేస్ ఆటగాడు నోర్విన్‌కి తెలుసు, ఇంకో ప్రాణికి తెలియదు. అదే నా గొడవ. అరికాళ్ళు చెమటకి బూట్లలో జారుతున్నాయి, సముద్రం వైపు నుంచి ఉప్పు గాలి కొడుతోంది, ఎవరో అరిటాకులో చిచారోన్, కరకరలాడే పంది తోలు వేపుడు, తింటున్న వాసన, పొద్దున్నుంచి నేనేమీ తినలేదని ఇప్పుడు గుర్తొస్తోంది, సిగ్గులేని కడుపు.

ఒక్కసారి మళ్ళీ వరసగా చూసుకోవాలి, అడుగుకి ఒకటి చొప్పున. ఆఖరి ఇన్నింగ్స్. ఉప్పుమడుల వాళ్ళు, అంటే ఈ ఊరి వాళ్ళు, ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. ఒకడు ఔటయ్యాడు, ఇంకో ఇద్దరు ఔటైతే ఆట అయిపోతుంది. మొదటి బేస్ మీద ఒకడు, రెండో బేస్ మీద లెస్టర్. కొట్టినవాడి బంతి ముందుకి పోకుండా నిటారుగా ఆకాశంలోకి లేచింది, మూడో బేస్ వైపు, సరిగ్గా మైదానానికి హద్దయిన సున్నపు గీత పైకి. అలాంటి బంతి లేచిందంటే పెద్ద అంపైరు అక్కడికక్కడే పిడికిలెత్తి అరవాలి, గీత లోపల పడితే కొట్టినవాడు ఔట్ అని. కింద ఉన్నవాడు పట్టినా సరే, వదిలేసినా సరే. లేకపోతే కావాలని వదిలేసి, బేసుల మీద బిక్కచచ్చి నిలబడ్డ ఇద్దర్నీ కలిపి ఔట్ చేస్తాడు, ఆ మోసానికి అడ్డుకట్ట ఇది. ఎవెనోర్ గారు అరిచారు. ఇది ఒక నియమం. ఇంతలో లెస్టర్ మెడ పైకెత్తి బంతినే చూస్తూ, మూడో బేస్ మీదుగా దూసుకొచ్చి, దానికి రెండడుగుల ఇవతల చేతులు చాచి ఎదురుచూస్తున్న నోర్విన్‌ని గుద్దేశాడు. బంతి పట్టబోయేవాడికి అడ్డం పడితే ఆ పడ్డవాడు ఔట్. ఇది రెండో నియమం. మామూలు రోజుల్లో ఇక్కడ అంపైరు టైమ్ అనేస్తాడు, ఆట అక్కడితో ఆగిపోతుంది. కానీ ఈ రెండు నియమాలూ ఒకదాని మీద ఒకటి పడిన రోజున ఆపకూడదు. గీత లోపలిదో బయటిదో తేలేదాకా బంతి బతికే ఉంటుంది. లోపలిదైతే గుద్దినవాడూ ఔటే, కొట్టినవాడూ ఔటే, ఆట అయిపోయినట్టే. బయటిదైతే గుద్దినవాడొక్కడే పోతాడు, కొట్టినవాడు మళ్ళీ బ్యాటు పట్టుకుంటాడు, ఈ ఊరికి ఇంకా ఆశ ఉంటుంది. ఇదంతా నాకు వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. లెస్టర్ వైపు వేలు చూపించాను, అదీ సరిగ్గానే చేశాను. చెయ్యి పైకెత్తలేదు. నోరొక్కటే తెరిచాను. టైమ్ అన్నాను.

అన్నాక బంతి పడింది. గీతకి జానెడు లోపల పడింది, ఎండకి గట్టిపడ్డ నేల మీద, గిరగిరా తిరుగుతూ. మోకాళ్ళ మీద పడి ఉన్న నోర్విన్ దాని మీదకి అరచెయ్యి చాపాడు. ఆ చెయ్యీ, ఆ బంతీ రెండూ లోపలే ఉన్నాయి, మధ్యలో నాలుగు వేళ్ళ ఎడం. చెయ్యి ఆగిపోయింది. తల తిప్పి నా వైపు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎందుకు తీసుకోడు, అంపైరు టైమ్ అంటే ఆట ఆగినట్టే కదా, బుద్ధిమంతుడు. బంతి మాత్రం ఆగలేదు, దొర్లుకుంటూ వెళ్ళి సున్నాన్ని దాటి గీత బయట నిలబడింది. ఎవరూ తాకకుండా బయటికి పోయింది గనక అది బయటి బంతే, మొదట ఎక్కడ పడిందన్న దానితో పని లేదు. అందరూ చూసింది అదే. మూడు వేల మంది అది చూసే ఎగిరి గంతులేస్తున్నారు. వాళ్ళ పెద్ద డప్పూ, రెండు బాకాలూ బంతి గాల్లో ఉండగా మొదలుపెట్టినవాళ్ళు ఇంతవరకు ఆపలేదు. ఆ మోతలో నా మాట వాళ్ళకి వినపడలేదు, ఎవెనోర్ గారికి వినపడలేదు, పొర్ఫిరియో అన్నకి వినపడలేదు. ఎదుటి జట్టు, అంటే నోర్విన్ వాళ్ళ పెంకుల బట్టీల జట్టు మేనేజరు అక్కడ టోపీ నేలకేసి కొడుతున్నాడు, ఆవిడ టైమ్ అంది, మావాడికి వినపడింది అంటున్నాడు. ఓడిపోబోయేవాడు ఏదైనా అంటాడు, ఎవడు నమ్ముతాడు.

నీ గొంతు డప్పు దాటి వినపడదమ్మా అన్నాడు లీగ్ కార్యదర్శి, కిందటి ఏడాది, నా దరఖాస్తుని బల్ల మీద అటు తిప్పి ఇటు తిప్పి. జీన్స్ ప్యాంట్ల ఫ్యాక్టరీలో మూడొందల మెషిన్లు ఒక్కసారి తిరుగుతుంటే పక్క వరసలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిచే గొంతండీ నాది, వినపడకపోవడమేంటి అన్నాను. ఏడాదంతా దాన్ని సానబెట్టుకున్నాను కూడా, భోజనం గంటలో బాత్రూమ్ తలుపేసుకుని ఔట్, ఔట్ అని అరిచి, మేస్త్రీ చేత చివాట్లు తిని. ఇవాళ డప్పు దాటింది. ఒక్క చెవికి చేరింది. ఎవరి చెవికి చేరకూడదో వాడికే చేరింది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఎందుకు అరిచాను, తెలిసి తెలిసి ఎందుకు అరిచాను. ఆ ఫ్యాక్టరీలో నా చేతికి వచ్చే ముక్కల్లో రెండు కాళ్ళ మధ్య నాలుగు కుట్లు కలిసే చోటు ఒకటుంటుంది, ఎనిమిది పొరల గుడ్డ. అక్కడికి రాగానే పెడల్ మీది కాలు తీసేసి, పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టూ దింపాలి. తిన్నని కుట్టు ఎవరైనా వేస్తారు, అక్కడ సూది విరక్కుండా దాటించేదే కుట్టుమనిషి. రోజుకి నాలుగొందల ప్యాంట్లు అలా దాటించేదాన్ని, ఇక్కడికొచ్చి కాలు తియ్యడం మర్చిపోయాను.

ఎవెనోర్ గారు అయితే మర్చిపోయేవారు కారు. ఆయన ఈ ఊళ్ళోనే మంగలి, నలభై ఏళ్ళుగా ఇక్కడి గెడ్డాలన్నీ ఆయన చేతి కిందవే. నాకు పాఠాలు కూడా ఆ దుకాణంలోనే. గెడ్డం గీయించుకుంటున్న మనిషిని సబ్బు నురగతో అలాగే కుర్చీలో వదిలేసి, అద్దం ముందు బల్ల మీద సీసా మూతలు పేర్చేవారు, నాలుగు మూతలు బేసులు, గుండీలు ఆటగాళ్ళు, బఠాణీ గింజ బంతి. ఇదుగో ఇది ఇక్కడ ఉండగా వీడు వాణ్ణి అడ్డుకున్నాడు, అదే సమయంలో బంతి వీడికి తగిలింది, ఇప్పుడు చెప్పు అనేవారు. నేను పుస్తకంలో ఉన్న నియమం గడగడా అప్పజెప్పేదాన్ని. నియమం ఎవడడిగాడు అమ్మాయ్, ఏది ముందు జరిగిందో అది చెప్పు అనేవారు. ఆయన విద్య అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. రెండు నియమాలు ఎప్పుడూ ఒక్క క్షణంలో పుట్టవట, మనం దూరంగా నిలబడితే అలా కనపడతాయి, దగ్గరికెళ్ళి చూస్తే ఒకటి రవ్వంత ముందు ఉంటుంది, దాన్ని పట్టుకుంటే రెండోది తనంతట తను దారిలోకి వస్తుంది. సగం గెడ్డంతో కూర్చున్నవాళ్ళు కూడా ఊరుకునేవాళ్ళా, వాళ్ళ తీర్పు వాళ్ళు చెప్పేవాళ్ళు. ఒకరోజు ఆ కుర్చీలో ఉన్నది ట్రాన్సితో, ఉప్పుమడుల మీద పెద్ద మేస్త్రీ, ఈ ఊరి జట్టు మేనేజరు కూడా ఆయనే. రన్నర్ ఔట్ కానే కాదని బల్ల గుద్ది వాదించాడు, నురగ అద్దం మీద పడేలాగ. ఎవెనోర్ గారు మాట్లాడకుండా కత్తి తీసి మెడ మీద పెట్టారు. ఆ నిమిషంలో ట్రాన్సితో అభిప్రాయం మారింది.

కుక్క కథ అయితే ఈ తీరమంతా చెప్పుకుంటారు. బట్టీల ఊళ్ళో ఆట, బంతి దూరంగా పోయింది, రన్నర్ పరిగెడుతుంటే రెండో బేస్ వాడు వెనక నుంచి బెల్టు పట్టుకు లాగాడు. అటుపక్క ఒక పసుపుపచ్చ కుక్క వచ్చి బంతి నోట కరుచుకుని చెరుకు తోటలో పడింది. బెల్టుకో నియమం ఉంది, కుక్కకో నియమం ఉంది, రెండూ ఒకే ఆటలో రావచ్చని ఎవడూ అనుకోలేదు. రెండు జట్లూ కొట్టుకునేదాకా వచ్చాయి. ఆయన నలుగురైదుగురిని పిలిచి ఒక్కొక్కరిని ఒక్కటే అడిగారట, బెల్టు లాగడం నువ్వు చూసేసరికి కుక్క గీత దాటిందా లేదా అని. అడిగి అడిగి, బెల్టు ముందు, కుక్క తర్వాత అని తేల్చారు. బెల్టు పట్టుకోకపోయి ఉంటే ఎక్కడిదాకా పోయేవాడో అక్కడ రన్నర్‌ని నిలబెట్టి, ఆ పైన కుక్క లెక్క చూశారు. ఓడినవాళ్ళు కూడా నవ్వి ఇళ్ళకి పోయారు. వాళ్ళని ఓడించి నవ్వించిన మనిషి, అదీ నాకు కావలసింది, అందుకే వారంలో ఉన్న ఒక్క సెలవూ తీసుకొచ్చి ఈ ఎండలో పోస్తున్నాను. ఇలాంటి మనిషి ఇంకొకరున్నారంటే నమ్మను. తన ఊరి ఆటకి తనే పెద్ద అంపైరుగా నిలబడితే రెండు పక్షాలూ ఒప్పుకున్నాయంటే ఇంకేం చెప్పాలి.

యాభై అడుగులు అయ్యుంటాయి. సగం దాటాను. నేను నోరు విప్పకపోతే ఏమవుతుంది, ఏమీ కాదు. అందరూ చూసిందే జరిగిందవుతుంది, బయటి బంతి, లెస్టర్ ఔట్, కొట్టినవాడు మళ్ళీ కొడతాడు, జనం నన్ను భుజాల మీద మొయ్యకపోయినా నారింజ తొక్కలు విసరరు. జిల్లా పోటీలకి ఎవెనోర్ గారు ఒక్కరినే వెంట తీసుకెళ్ళగలరు, ఆ ఒక్కరూ నేనే అవ్వచ్చని పోయిన వారమే అన్నారు. నోరు విప్పితే ఆయన ఇవాళ సాయంత్రం రాసే నివేదికలో నా పేరు ఎక్కుతుంది, కార్యదర్శి చదువుతాడు, గొంతు వినపడిందన్నమాట అని నవ్వుతాడు. ఆ పైన ఈ మూడు వేల మంది. ఈ ఆటలో పట్టి ఉండేవాడు, తాకి ఉండేవాడు అన్న మాటలకి చోటు లేదని ఎవెనోర్ గారే నూరిపోశారు, జరిగిందే జరిగింది, జరగబోయి ఆగిపోయింది జరగనట్టే. ఆటగాడి అడ్డు వల్లో మన అంపైర్ల తప్పు వల్లో ఆగిపోతే తప్ప. అప్పుడు మాత్రం కూర్చుని, ఆ తప్పే లేకపోతే ఏమయ్యేదో ఊహించి, దాన్నే జరిగినట్టుగా చెప్పాలి. అంటే నా తప్పు బయటపడితేనే నోర్విన్ చెయ్యి బంతిని తాకినట్టు. దాచేస్తే తాకనట్టు. ఇదేం విడ్డూరం, గీతకి అటో ఇటో తేల్చేది బంతి కాదు, నేను. భయంగా ఉంది. ఈయన ముందు చిన్నబోవాలంటే జనం రాళ్ళ కన్నా ఎక్కువ భయం.

చేరాను. ముగ్గురం తలలు దగ్గర పెట్టి, జనానికి వీపులు పెట్టాం, మా పద్ధతి అది, పెదాలు ఎవరికీ కనపడకూడదు. ఎవెనోర్ గారి కనుబొమల మీద ఉప్పు, ఆ దుమ్ములో చెమట ఆరి తెల్లగా అయింది. మా పద్ధతిలో ఇంకో రెండున్నాయి. అనుకున్నాను అనకూడదు, చూశాను, విన్నాను, చేశాను అంతే. అందరికన్నా చిన్నవాళ్ళు ముందు చెప్పాలి, పెద్దవాళ్ళ మాట విన్నాక చిన్నవాళ్ళ కళ్ళు మారిపోతాయి కాబట్టి. అందుకని ఆయన నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోపు పొర్ఫిరియో అన్న, బేకరీ నడిపే ఆ పెద్ద పొట్ట మనిషి, నా మీద ఎంత ప్రేమో, నేలచూపులు చూస్తూ గొణిగాడు.

"ఆ డప్పు మోతలో ఏమన్నావో నీకే వినపడి ఉండదులే చెల్లెమ్మా. గట్టిగా గుర్తు లేదంటే పోలా?"

"నీ వంతు రాలేదు పొర్ఫిరియో," అన్నారు ఎవెనోర్ గారు. కోపంగా అనలేదు, చక్కెర ఎక్కువైంది అన్నట్టు అన్నారు.

అప్పుడు డప్పు, బాకాలు, టోపీ కొడుతున్న ఆయన అరుపులు, అన్నీ ఉన్నాయి, ఉన్నా మా ముగ్గురి తలల మధ్య, మెడ మీద కత్తి పెట్టినప్పటి మంగలి దుకాణమంత నిశ్శబ్దంగా ఉంది. ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు. ఇక్కడ చెబితే ఎక్కడైనా చెల్లుతుంది. ఆయన నన్ను నమ్మేస్తారు, అదే ఘోరం, ఒక్క ప్రశ్న కూడా ఎదురు వెయ్యకుండా నమ్మేసి, నా అబద్ధాన్ని తన నోటితో ఈ జనానికి చెబుతారు, నలభై ఏళ్ళలో ఒక్క వంకర మాట పలకని నోటితో.

"అరిచాను మాస్టారూ," అన్నాను. "టైమ్ అన్నాను. అనకూడదు, తెలుసు, అనేశాను."

ఆయన ముఖంలో ఏమైనా మారుతుందేమోనని చూశాను. మారలేదు. మూతలు పేర్చేటప్పటి ముఖమే. బంతి పడకముందా పడ్డాకా అని అడిగారు, ముందే అన్నాను. నోర్విన్ చెయ్యి వచ్చినప్పుడు బంతి ఎక్కడుంది అని అడిగారు, లోపల, గీతకి జానెడు దూరంలో అన్నాను. తాకాడా, తాకలేదు, ఎంత ఎడంలో ఆగాడు, నాలుగు వేళ్ళు. ఆగి ఏం చేశాడు, నా వైపు చూశాడు. ఆ ఆఖరి జవాబుకి మాత్రం ఆయన చిన్నగా తలూపారు. అప్పుడు పొర్ఫిరియో అన్న వంతు. ఆయన నిట్టూర్చి, చెయ్యి వెళ్ళడమూ వెనక్కి రావడమూ చూశానని, ఎందుకొచ్చిందో ఇప్పుడే తెలిసిందని చెప్పాడు. అంతే, ఎవెనోర్ గారు అరచేతిలో వేలితో గీసుకుంటూ మొదలుపెట్టారు, నేను కన్నార్పకుండా ఆ వేలినే చూస్తున్నాను, నా బతుకు పోతోందన్న సంగతి కూడా కాసేపు మర్చిపోయి. బంతి లేవడం ముందు. గుద్దడం తర్వాత. గుద్దగానే లెస్టర్ ఔట్, దాన్ని ఎవరూ మార్చలేరు. మూడోది మన అరుపు. నాలుగోది బంతి పడటం. ఐదోది చెయ్యి. మూడోది తీసేస్తే ఐదోది ఆగదు, చెయ్యి లోపలే తాకుతుంది, లోపలి బంతి అవుతుంది, కొట్టినవాడూ ఔట్. మన అరుపు అన్నారాయన. నీ అరుపు అనలేదు.

"ఇద్దరూ ఔట్. ఆట అయిపోయింది," అన్నారు. తర్వాత నాతో, "నివేదికలో పేరు రాయాలమ్మాయ్."

"రాయండి మాస్టారూ."

ఇప్పుడు చెయ్యెత్తి జనానికి చూపించేస్తారనుకుంటారు తెలియనివాళ్ళు. ఆయన అలా చెయ్యరు. ఎవరికి నష్టమో వాళ్ళ దగ్గరికే ముందు నడిచివెళ్ళి, మొహంలో మొహం పెట్టి, మెల్లగా చెబుతారు, ఆ తర్వాతే మిగతా లోకానికి. మేం ఇద్దరం వెనక నడిచాం. ట్రాన్సితో బెంచీ ముందు నిలబడి ఉన్నాడు, ఉప్పు కొరికేసిన చేతులు నడుం మీద పెట్టుకుని, గెలవబోతున్నవాడి మొహంతో. రేపు పొద్దున ఈయన గెడ్డం గీయించుకోడానికి వస్తాడా, ఈ ఊళ్ళో ఎవడైనా వస్తాడా అన్న ఆలోచన నాకు వచ్చింది గానీ, ఎవెనోర్ గారి నడకలో దాని జాడ లేదు. అంతా చెప్పారు, దుకాణంలో చెప్పినట్టే, ముందుది ముందు, తర్వాతది తర్వాత. ట్రాన్సితో దవడ కదులుతోంది. ఆయన ఆట తెలిసినవాడు, సగంలోనే అర్థమైపోయింది.

"ఎవరు అరిచింది?" అన్నాడు.

"అంపైరు."

"ఏ అంపైరు?"

"ఈ మైదానంలో ఉన్నది ఒక్క అంపైరే ట్రాన్సితో. మూడు చొక్కాలు వేసుకున్నాడు."

ఇంత మంచి మాట నా కోసం ఎవరూ ఎప్పుడూ అనలేదు. దాని వెనక దాక్కోవచ్చు, హాయిగా దాక్కోవచ్చు, అందుకే దాక్కోవడం చేతకాలేదు. నేనేనండి అన్నాను, పక్కకి వచ్చి నిలబడి. ట్రాన్సితో నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నట్టు అడిగాడు.

"నాకు వినపడలేదు. మా వాళ్ళెవరికీ వినపడలేదు. వీళ్ళిద్దరికీ కూడా వినపడలేదు. నువ్వు నోరు మూసుకుని ఉంటే ఎవరికి తెలిసేదమ్మా?"

"నోర్విన్‌కి," అన్నాను.

ఆయన తల తిప్పి మూడో బేస్ వైపు చూశాడు. నోర్విన్ అక్కడే ఉన్నాడు, గొంతుక్కూర్చుని, మా వైపే చూస్తూ, వాళ్ళ మేనేజరు లాగ అరవకుండా. ట్రాన్సితో టోపీ తీసి తొడకేసి ఒకసారి కొట్టుకున్నాడు. వెనక్కి తిరిగి తన వాళ్ళతో బ్యాట్లు సర్దండ్రా అన్నాడు. అప్పటిదాకా ఆగి, అప్పుడు ఎవెనోర్ గారు పిడికిలి ఎత్తారు, ఒకసారి లెస్టర్‌కి, ఇంకోసారి కొట్టినవాడికి.